నా క్యారేజి నేనే మోసుకున్న రోజు

నల్గొండలో పెద్ద దవాఖాన వెనక రెండో గల్లీలో కిరాయికి దిగడం నేను చేసిన పొరపాటు. ఆఫీసుకు దగ్గరని దిగాను. ఇక కట్టంగూర్ దిక్కు నుంచి మావాళ్లు ఎవరు దవాఖానలో చేరినా నాకే ఫోన్. "నీ ఇల్లు పక్కనే గద బిడ్డా, జర రెండు పూటల బువ్వ తే." ఒకరికి ఉప్పు లేని పప్పు, ఒకరికి జావ, వెంట వచ్చినవాళ్లకు కారం దండిగా వేసిన కూర. నాలుగు గిన్నెల క్యారేజి పట్టుకుని పోతుంటే వార్డులో ఆయమ్మ నన్ను మెస్సు నడిపే మనిషి అనుకుంది. కాదనడం నాకు చేతకాదు. అక్కడ నవ్వుతూ వడ్డించి, ఇంటికొచ్చి అంట్ల మీద కోపం తీర్చుకునేదాన్ని.

పోయినేడాది నా కడుపులోనే గడ్డ ఉందన్నారు, ఆపరేషన్ కావాలన్నారు. ఒంటరి మనిషిని. అయినా మావాళ్లెవరికీ చెప్పలేదు, ఎందుకు ఇబ్బంది పెట్టాలని. ఇంటివాళ్లు పెట్టాల్సిన సంతకం కోసం ఆఫీసులో తోటి ఉద్యోగిని బతిమాలుకున్నాను. ఆపరేషన్ ముందురోజు దవాఖానలో చేరేటప్పుడు అదే క్యారేజిలో నాకు నేనే వండుకుని పోయాను. "అన్నం ఎవరు తెచ్చిన్రమ్మా?" అని అడిగింది పక్క మంచం ఆమె. "నేనే తెచ్చుకున్న" అని గొప్పగానే చెప్పాను. మూత తీసినాక ముద్ద దిగలేదు. అందరి ఆకలీ కనిపించే నాకు నా ఆకలి ఎన్నడూ కనిపించలేదు. నా మీద నాకు జాలేసింది, సిగ్గు కూడా వేసింది.

ఆపరేషన్ అయ్యాక మూడు నెలలు బరువులెత్తొద్దన్నారు. నెలన్నర కాకముందే అక్క ఫోన్ చేసింది. వాళ్ల అత్తకు ఆయాసం ఎక్కువై దవాఖానలో చేర్చారట. పొద్దున, మాపున క్యారేజి తెమ్మంది. అమ్మ పోయాక అక్క ఐదో తరగతిలో బడి మానేసి పత్తి ఏరబోతేనే నేను చదువుకున్నాను. ఆ అక్కకు, "ఈసారి నాతోని కాదక్కా" అన్నాను. ఎందుకో చెప్పడానికి నోరు రాలేదు.

"పెద్ద ఆఫీసరమ్మవైనవు తియ్" అని ఫోన్ పెట్టేసింది.

రెండు రోజులు నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. అన్నం తింటుంటే దొంగతనంగా తింటున్నట్టే ఉంది. అయినా వండుకుపోలేదు. మూడోరోజు ఉత్త చేతులతో దవాఖానకు వెళ్లాను.

అక్క వరండాలో కూర్చుని బండి మీద కొన్న ఇడ్లీ తింటోంది. ముందు నా చేతులు చూసింది.

"చేతులూపుకుంట వచ్చినవా?"

"నిన్ను చూద్దామని వచ్చినక్కా."

అక్క పక్కకు జరగలేదు. నేనే కడుపు పట్టుకుని మెల్లగా ఆమె పక్కన కింద కూర్చున్నాను. అది చూసింది.

"కడుపుకేమైంది?"

చెప్పాను. అక్క ఇడ్లీ పొట్లం పక్కన పెట్టింది.

"అప్పుడు బువ్వెవలు తెచ్చిన్రు?"

"నేనే వండుకపోయిన" అన్నాను. కోపం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు, ఇంకా పెరిగింది.

"అందరికి మోసినవు. నీకు ఒక్క పూట మోసెటందుకు నేను పనికిరాకపోతినా? గంత పరాయిదాన్నైననా?"

గోడవైపు తిరిగి ఏడ్చింది. కాదన్నందుకు బాధపడిందనే ఈ రెండు రోజులూ అనుకున్నాను. ఇప్పుడు దానికంటే పెద్ద తప్పు ముందే చేశానని తెలిసింది. నేను లేచి వచ్చేదాకా అక్క ఇటు తిరగలేదు.

వాళ్ల అత్తను ఇంటికి తీసుకుపోయిన వారానికి నేనే ఫోన్ చేశాను. అడగడం కాదనడం కంటే కష్టమని అప్పుడే తెలిసింది.

"అక్కా, సోమవారం దవాఖానల చూపించుకోను పోవాలె. తోడొస్తవా? నాకు జర బువ్వ కట్టుకరా."

ఈసారి అక్క ఫోన్ పెట్టేయలేదు. "కారం తినొచ్చునా నువ్వు?" అని అడిగింది.