ఎల్లవ్వ ఎద్దుకు నేనంటగట్టిన గాలికుంటు

ఒక్క అరుపుతో పశువుల దవాఖాన మొత్తాన్ని ఖాళీ చేయించి, ఒక ముసలమ్మ విత్తనాలకు ఎసరు పెట్టి, చివరికి డప్పు పక్కన నిలబడి ఊరి ముందు పరువు తీసుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. ఆ సంగతి తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరి మీదంటారా? తలకు నూనె పట్టించి, పాపిట తీసి, చంకలో పుస్తకంతో తిరిగిన ఆ ఇరవైమూడేళ్ల వెధవ మీద. వాడు చేతికి దొరికితే ఈ రోజైనా రెండు తగిలిస్తాను. దొరకడు. వాడు నేనే కదా!

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. మక్తల్ దగ్గర ఒక ఊళ్లో, పశువుల దవాఖానలో నేను కంపౌండరును. మందులు కలపడం, కట్లు కట్టడం నా పని. రోగమేమిటో తేల్చడం డాక్టర్ సాబ్ పని. కానీ బస్సెక్కి పోయి లైబ్రరీ నుంచి పశువైద్యం పుస్తకం తెచ్చుకున్నవాడు అంతటితో ఆగుతాడా? పశువుల నోట్లో, గిట్టల్లో పుండ్లు లేపే గాలికుంటు అధ్యాయం నాకు కంఠతా వచ్చు. ఇక కావలసింది గాలికుంటు వచ్చిన పశువే. పెళ్లి కుదరని ఇంట్లో పిల్లకోసం వెతికినట్టు వచ్చిన ప్రతి పశువులో దానికోసం వెతికేవాణ్ని.

తొలకరి పడిన మర్నాడు డాక్టర్ సాబ్ పక్క ఊరికి గొర్రెల టీకాలకు వెళ్లారు. అప్పుడొచ్చింది ఎల్లవ్వ, ఎద్దును పట్టుకుని. ఆమె వెంట నర్సప్ప. ఆమెకున్నది ఒక్కెద్దు, నర్సప్పకున్నది ఒక్కెద్దు. రెండూ కలిపి కాడి కట్టి, ఒకరోజు ఈమె చేను, ఒకరోజు అతని చేను విత్తుకుంటారు. పొత్తు సేద్యమంటే అదే. ఒక్కెద్దు ఆగితే రెండిళ్ల సేద్యం ఆగుతుంది.

"కంపోండర్ సాబూ, పొద్దటి సంది గడ్డి ముడ్తలేదు. సొల్లు కారుస్తాంది. జర నోరిప్పి సూడు" అంది ఎల్లవ్వ.

ఎద్దు ముందుకాలు కూడా కుంటుతోంది. సొల్లు! కుంటు! మేత ముట్టదు! నా పుస్తకమే నాలుగు కాళ్లతో నడిచొచ్చింది.

"చూడక్కర్లేదవ్వా, నాకు తెలిసిపోయింది."

"సూడకుంట ఎట్ల తెలిసె? నువ్వేమన్న సోది చెప్తవా?"

చదువుకున్నవాణ్ని పట్టుకుని సోది అంటుందా! నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. వరండా మెట్టెక్కి, ఎన్నికల సభలో నిలబడినవాడిలా గొంతెత్తాను: "ఇది గాలికుంటు! అంటురోగం! ఈ ఎద్దు పక్కన ఏ పశువునూ కట్టొద్దు!"

అంతే, తేనెతుట్టెకు రాయి తగిలినట్టయింది. ఒకాయన మేకను భుజాన వేసుకుని ఉరికాడు. ఇంకొకాయన తన బర్రెను మరిచి గేటు దాటి, నాలుకకరుచుకుని వెనక్కొచ్చాడు. నర్సప్ప మాత్రం నాలుగడుగుల దూరం జరిగి ఆగాడు.

"ఎల్లక్కా, నా ఎద్దును నీ ఎద్దు పక్కన కట్టనంటె కట్ట. నాకున్నది గదొక్కటే."

"గట్లంటవేందిరా నర్సప్పా! నేల పదును ఆరిపోతాంది. రేపు ఇత్తే గొర్రు కట్టకుంటె నా జొన్నలు గంపలనే ముక్కిపోతయి."

"నా ఎద్దుకు అంటుకుంటె కాడికి నన్ను కడ్తవా?" అని అతను వెళ్లిపోయాడు.

ఎల్లవ్వ నావైపు తిరిగింది. "నీ నోట్ల మన్నువడ! గంతగనం ఒర్రుడెందుకు? నన్ను పక్కకు పిలిచి చెప్తె నీ నౌకరి పోతుండెనా?"

కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెరిచిందని సామెత. ఇక్కడ కూసిందెవరో మీకు తెలిసింది. నాకింకా తెలియలేదు. డాక్టర్ సాబ్ రాగానే శభాష్ అంటారని ఎదురుచూస్తున్నాను!

మధ్యాహ్నం ఆయన వచ్చారు. ఎల్లవ్వ ఎద్దుతో అక్కడే ఉంది; నేను గర్వంగా గాలికుంటన్నాను. "నోరిప్పి చూసినవా?" అన్నారు.

"లేదు సార్. లక్షణాలన్నీ పుస్తకంలో..."

ఆయన ఎద్దు నాలుకను పక్కకు లాగి, దాని కింద గుచ్చుకున్న తుమ్మముల్లును బయటకు తీశారు. నోట్లో ఒక్క పొక్కు లేదు. కాలెత్తి చూస్తే కొత్త నాడా మేకు వంకరగా దిగివుంది. అదీ పీకారు.

"నాడాలు ఎప్పుడు కొట్టించినవ్ అవ్వా?"

"నిన్ననే సాబ్."

"ఈ మాట వీడు అడగలేదా?"

"అడిగితె గద! వానిదంత చెప్పుడే."

డాక్టర్ సాబ్ కళ్లు చింతనిప్పులయ్యాయి. "లేని రోగాన్ని ఊరంత పంచిపెట్టినవ్. పోయి ఇంటింటి నుంచి తిరిగి తీస్కరాపో!"

కొత్తగా దవాఖానల్లో చేరే తమ్ముళ్లారా, ఆయన నన్ను రోగం దాచమనలేదు. ముందు అడుగు, తర్వాత తాకి చూడు, ఆ పైన పశువుగలవాళ్లకు మెల్లగా చెప్పు అన్నారు. నేను మూడోదాన్ని మొదట, అదీ మెట్టెక్కి చేశాను.

ఇంటింటికీ తిరగలేక నేను చాటింపు వేయించాను; మర్నాడు పొద్దున్నే ఎల్లవ్వ ఊళ్లో డప్పు మోగింది. జనం చేరారు. నర్సప్ప తన ఎద్దు పలుపును రెండు చేతులా పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. 'తప్పయింది, ఎద్దు బాగుంది' అంటే సరిపోయేది. నేను పుస్తకం తెరిచాను! గాలికుంటు ఎలా వస్తుంది, ఎలా పాకుతుంది, ముల్లుకూ దానికీ తేడా ఏమిటి అని పాఠం మొదలుపెట్టాను. చెప్పేకొద్దీ జనం ఒక్కొక్క అడుగు వెనక్కి వేశారు.

"గింతసేపు చెప్తుండంటె ఏందో దాస్తుండు" అన్నాడు నర్సప్ప.

"దాస్తలేడు, నర్సప్పా! వానికి ఆపుడు రాదు" అని ఎల్లవ్వ ఎద్దును లాక్కొచ్చి నా పక్కనే నిలబెట్టింది. "పదును పోతాంది. గా నోరు మూసి గీ నోరు సూపియ్యి!"

పుస్తకం చంకలో పెట్టుకుని ఎద్దు మూతి పట్టుకోబోయాను. అది నాకన్నా తొందరలో ఉంది. ముందురోజు పస్తున్న ప్రాణం. మెడ చాచి, చంకలోని పుస్తకాన్ని లాగి నమలడం మొదలుపెట్టింది. నేను లాగాను, అది లాగింది. గాలికుంటు అధ్యాయంతో సహా పుస్తకమంతా దాని వాటాకు పోయి, అట్టలే నా చేతిలో మిగిలాయి. కళ్లు అరమూసి, పెళ్లిభోజనంలా నమిలి మింగింది.

"మేస్తాంది!" అని అరిచాడు నర్సప్ప. "నోట్ల పుండున్న ఎద్దు గిట్ల నమలదు. ఎల్లక్కా, గొర్రు తే!"

నేను అంతసేపు చదివి నమ్మించలేకపోయినదాన్ని ఆ ఎద్దు తిని నమ్మించింది. నర్సప్ప ఎద్దు పక్కన దాన్ని కాడికి కట్టారు. పదును ఆరకముందే ఎల్లవ్వ జొన్నలు నేలలో పడ్డాయి. నాకెవరూ నమస్కారం కూడా పెట్టలేదు.

లైబ్రేరియన్ మాత్రం మిగిలిన అట్టలు చూసి నిప్పులు కక్కాడు. "పుస్తకం చదవమనిచ్చిన్నా, మెయ్యమనిచ్చిన్నా?"

"చదివింది నేను, సార్. వంటబట్టింది ఎద్దుకు" అన్నాను.

ఆ రోజే ఆ అట్టల మీద చెయ్యి పెట్టి, సకల పశుకోటి సాక్షిగా ప్రమాణం చేశాను: పశువు నోరు తెరిచి చూడనిదే నా నోరు తెరవను; తెరిచినా మెట్టెక్కను; మెట్టెక్కినా పుస్తకం మాత్రం ఎద్దుకు అందనంత దూరంలో పెడతాను.