పొంగని ఓట్స్ రోల్సు

ఆ రోజుల్ల నాకు ఒక్కటే పిచ్చి ఉండె: మొయినాబాద్ రోడ్డు మీద ఒక షట్టర్ కిరాయికి తీసుకొని బేకరీ పెట్టాలె. (ఆ రోజులంటే ఎప్పటివో కావు. మా ఊరు చిన్న మంగళారం చుట్టూ ఫామ్‌హౌజులు లేచి, ఆదివారం వస్తే పట్నపోళ్లు సైకిళ్లేసుకొని చేవెళ్ల దిక్కు తిరుగుడు మొదలువెట్టిన రోజులే.) మెహిదీపట్నంల బేకింగ్ కోర్సు చేసొచ్చిన, ఇంట్ల చిన్న ఓవెన్ ఉన్నది, ఇగ నాకు రానిదేమున్నదని తలకాయ ఎత్తుకొని తిరిగేదాన్ని. కానీ షట్టర్ దొరకాలంటే మా బాపు సరే అనాలె. అనకపోతే నాకు సంబంధాలు చూసుడు షురూ అయితది. గంతే ముచ్చట.

బాపు ఊళ్లె పెద్దమనిషి. పంచాయితీ రాజకీయాలల్ల తిరిగి తిరిగి, పోయిన ప్రతి ఇంట్ల చాయ్ తాగి తాగి షుగర్ తెచ్చుకున్నడు. దవాఖానల డాక్టరమ్మ అన్నం బంద్ చేసి సూప్ తాగుమన్నది. "గా నీళ్లు తాగితే ఆకలి తీరుతదా? సూపుల నంజుకునేటిది, షుగర్ పెరగనిది, కడుపు నిండేది ఒక్కటి చేసి పెట్టు బిడ్డా. అప్పుడు నీ షట్టర్ గురించి మాట్లాడుదాం" అన్నడు. నాకు ఎగిరి గంతేసినంత పనైంది.

ఆదివారం పొద్దుగాల్నే మొదలువెట్టిన. ఓట్స్ మిక్సీ పట్టి, జర గోధుమపిండి కలిపి, వెన్నకు బదులు పెరుగేసి, గోరువెచ్చని నీళ్లల్ల నానిన ఈస్ట్ పోసి సగం కలిపిన. గిన్నె మీద తడిబట్ట కప్పి, సూపులకు కొత్తిమీర తెంపుకరాను చెల్క దిక్కు పోయిన. వచ్చి చెయ్యి పెడితే పిండి వేడిగున్నది. ఎండకాలం గదా అనుకున్న. (ఎండకు పిండి గంత కాలదని ఆ కోర్సుల ఎవ్వరు చెప్పలే.) పిసికి పెట్టి కూసున్న. పొంగలే. ఎండల పెట్టిన, పొంగలే. ఫోన్ల చూసిన, అందరివి పొంగుతున్నయి, నాదొక్కటే మొండికేసింది. ఈస్ట్ పాతదా, ఓట్స్ మంచియి కావా, నాకే చేతకాదా, ఏం సమజైతలేదు. మా అవ్వ, అంటే బాపును కన్న తల్లి, గడప మీద కూసోని, "రొట్టె ఏంది, పొంగుడేందే? పాలా ఏమన్ననా?" అన్నది.

ఇగ చేసేదిలేక ఉండలు చేసి ఓవెన్‌ల పెట్టిన. బయటికి తీసి బల్ల మీద పెడితే టక్కుమన్నయి.

గప్పుడే బాపు వచ్చిండు, ఒక్కడే రాలే, రోడ్డు పంచాయితీ అని ఇంకొందరిని ఎంటేసుకొని వచ్చిండు. మా ఇండ్లల్ల మనుషులు కూసోనుండంగ ఇంటాయన ఒక్కడు తినుడు ఉండది. "అందరికీ తే బిడ్డా" అన్నడు. తలా ఒక గిలాసల సూపు, తలా ఒక రోల్ ఇచ్చిన. వాళ్లకు సూపు ముందు తాగాల్నో, రోల్ ముందు తినాల్నో తెల్వది. ఒకాయన సూపు చాయ్ లెక్క ఊదుకుంట తాగి, రోల్ చేతిల పట్టుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. ఇంకొకాయన కొరికి, దవడ పట్టుకొని, "మంచిగున్నది బిడ్డా" అన్నడు. బాపు ఇంట్ల ఎవ్వరు బాగలేదనరు. అది తెలిసి కూడ, నిజంగనే మంచిగున్నయేమో అని నాకు ఆశ పుట్టింది.

అవ్వ ఊకుంటదా? "మంచిగుండవా మరి? ఈ పోరి సల్లనీళ్లతోని కలిపి పోయింది. జొన్నపిండి లెక్కున్న దీనికి ఎసరు పొయ్యకుంటే రొట్టె ఇరగదా? నేనే మసులుతున్న నీళ్లు పోసి కలిపిన" అన్నది.

నాకు ఏడుపు ఆగలే. "అయ్యో అవ్వా! ఈస్ట్‌కు పాణముంటదే! మసులే నీళ్లకు సచ్చిపోయింది!"

"పాణమున్నదాన్ని పిండిల ఎందుకు ఏసినవే?" అన్నది అవ్వ.

అందరు నములుడు ఆపిండ్రు. బాపు ఒక్కడే నములుతున్నడు. నమిలి నమిలి మింగి, నీళ్లు తాగి, కడుపు మీద చెయ్యేసుకున్నడు. "నాకు నిండింది. ఇగ బువ్వ వద్దు. డాక్టరమ్మ చెప్పింది గిదే గదా" అన్నడు. తర్వాత నా దిక్కు, అవ్వ దిక్కు చూసి, "అయితే షట్టర్ ఎవరి పేరు మీద తియ్యాలె? నీ మీదనా, అవ్వ మీదనా?" అన్నడు. ఎక్కిరిస్తున్నడా, ఒప్పుకున్నడా? నాకు అర్థమే కాలే. కొంగుతోని ముక్కు తుడుసుకుంట నిలబడ్డ. ఆయన షట్టరాయనకు ఫోన్ కలిపినంక గానీ నా పాణం నిమ్మలం కాలే.

బేకరీ పెట్టిన రోజు దూదిలెక్క పొంగిన ఓట్స్ రోల్సు అద్దాల పెట్టి, మురుసుకుంట నిలబడ్డ. ఆనాడు దవడ పట్టుకున్నాయన వచ్చి, ఒకటి ఒత్తి చూసి, నారాజయి, "గివి కాదు బిడ్డా, మీ బాపు తిన్నయి కావాలె. నాకు గూడ షుగర్ వచ్చింది" అన్నడు. అవి చేసుడు నాకు రాదని ఆయనకు ఎట్ల చెప్పాల్నో తెల్వక అద్దాల రోల్సే మళ్ల సదురుకుంట నిలబడ్డ. పాపం, కోర్సు చేసొచ్చిన పిల్లను గదా.