మేనమామ పెట్టిన బట్టలు

ఆగస్టు పన్నెండు, మంగళవారం. పొద్దుటి నుంచీ ఉక్క. నల్లమల వైపు మబ్బు కమ్మింది గానీ మార్కాపురం దాకా రాలేదు. దుకాణం ముందు ఊడ్చి నీళ్లు చల్లాను. పగ్గాలు, పలుపుతాళ్లు బయట కొక్కేలకు తగిలించాను.

డైరీలో ఇంతవరకు రాసి పెన్నుకు మూత పెడుతుంటే మా అబ్బాయి మేడమెట్లు దిగి వచ్చాడు. చేతిలో ఫోను ఉంది. "నాయనా, మామ చనిపోయినాడంట," అన్నాడు.

కంభంలో తన ఇంటి గడప మీద కూర్చుని, డ్యూటీకి పోవడానికి బూట్లు తొడుక్కుంటూ పక్కకు ఒరిగిపోయాడట మా బామ్మర్ది. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. ఆయన భార్య ఆ కబురు ముందు తన ఆడబిడ్డకు, అంటే నా భార్యకు, చెప్పలేదు. నాకూ చెప్పలేదు. మా అబ్బాయికి ఫోను చేసింది. చావు కబురు వింటూనే నాకు మొదట తట్టింది అదే. వాడికి చేశారు, నాకు కాదు.

పోయినవాళ్ల గురించి మంచి మాటలు రాస్తారు. నేనూ మంచివే రాస్తాను, ఆయనలో చెడ్డవి తక్కువ. కానీ మా బామ్మర్ది మీద నాకున్నది అభిమానం ఒక్కటే అని రాస్తే అబద్ధమవుతుంది. బతికి ఉండగా ఆయన్ను చూస్తే నాకు కుళ్లు. ఇప్పుడు ఆయన లేడు, అది మాత్రం పోలేదు.

ఆయన గిద్దలూరు నుంచి మార్కాపురం తిరిగే బస్సులో కండక్టరు. నోరు ఆగని మనిషి. ఎక్కిన ముసలమ్మను ఏ ఊరని అడిగి, ఆ ఊళ్లో ఎవరి బంధువో తేల్చి, దిగేలోపల ఆమెకు తమ్ముడో కొడుకో అయిపోయేవాడు. తోపులాట జరిగితే తలుపు దగ్గర నిలబడి "దిగేవాళ్లను ముందు దిగనీండి" అనేవాడు. ఇంట్లో గొడవలకు కూడా అదే మాట. మా ఆవిడ, నేను వాదులాడుకుంటుంటే వచ్చి కూర్చుని, "అక్కా, ముందు బావను దిగనియ్యి," అనేవాడు. అక్కడితో ఆమె నవ్వేసేది. అదే మాట నేనంటే ఎవరూ నవ్వరు. నాకు బడి చదువు లేదు. పలకల ఫ్యాక్టరీలో పెట్టెల మీద ఊళ్ల పేర్లు రంగుతో రాస్తూ అక్షరాలు నేర్చుకున్నాను. అందుకేనేమో, మాట కూడా పెట్టె మీద పట్టినంతే వస్తుంది.

మాకు ఒక్కటే బిడ్డ. ఆడపిల్ల పుట్టిందనుకుని ఆడపిల్లగానే పెంచాం. వాడు మాత్రం చిన్నప్పటి నుంచీ జడ వేయనిచ్చేవాడు కాదు, గౌను తొడిగితే మంచం కింద దూరేవాడు. మారాం అనుకున్నాం. పెద్దమనిషి అయినప్పుడు అందరిలాగే ఫంక్షను పెట్టుకున్నాం. మేనమామ పట్టుచీర తేవాలి గదా. కంభం నుంచి పళ్లేలు మోయించుకుని వచ్చాడు. చీర, పూలు, గాజులు, స్వీట్లు. తీరా చూస్తే బిడ్డ గది తలుపు లోపల గడియ వేసుకుంది. వాళ్లమ్మ పిలిచింది, నేను పిలిచాను. తీయలేదు. మేనమామ పిలిస్తే తీసింది.

చాలాసేపు ఇద్దరూ లోపలే ఉన్నారు. బయట చుట్టాలు భోజనాల కోసం చూస్తున్నారు. ఆయన బయటికి వచ్చి, పళ్లెంలోని చీర తీసుకుని, వడ్డించమని చెప్పి, నా స్కూటరు తాళం అడిగి బజారుకు పోయాడు. తిరిగి వచ్చి అదే పళ్లెంలో చీర బదులు తెల్ల చొక్కా, నీలం ప్యాంటు పెట్టాడు. పైన తమలపాకులు, వక్కలు, పసుపు కొమ్ము అట్లాగే ఉన్నాయి. అందరి ముందూ నడిచి ఆ గదిలోకి పోయాడు. వెనకే పోయిన మా అన్న, ఇదేం పని అని కేకలేశాడు. బామ్మర్ది గొంతు పెంచలేదు.

"మేనమామ పెట్టిన గుడ్డలే గదా పెద్దాయనా ఈ పొద్దు కట్టుకోవాల్సింది. మా అల్లుడు ఇవి కట్టుకుంటాడు."

అల్లుడు. అంతవరకు వాణ్ని కోడలా అని పిలిచిన మనిషే. నేను వాణ్ని 'వాడు' అనడానికి చాలా కాలం పట్టింది, ఆయనకు ఒక్క మధ్యాహ్నం చాలింది. ఆ చొక్కా తొడుక్కుని బయటికి వచ్చినప్పుడు బిడ్డ ముఖం చూశాను. అంత తేటగా వాడి ముఖాన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆ తేట తెప్పించింది నేను కాదు.

గదిలో వాడు ఏం చెప్పాడని తర్వాత బామ్మర్దిని ఒకసారి అడిగాను.

"అల్లుడు నాకు చెప్పింది నీకు చెప్పేస్తే, రేపు నాకేం చెప్తాడు బావా? నువ్వే అడుగు. నీ దుకాణం పైనే ఉన్నాడు గదా, బస్సు కూడా ఎక్కే పన్లే," అన్నాడు.

నేను అడగలేదు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు.

గుంటూరులో మంచి డాక్టరమ్మ ఉందని కనుక్కున్నది ఆయనే. ఆమె మా ముగ్గురినీ కూర్చోబెట్టి, బిడ్డతో విడిగా చాలాసార్లు మాట్లాడింది, మనసు చూసే డాక్టరు దగ్గరికీ పంపింది. చివరికి ఒక ఇంజెక్షను గురించి చెప్పింది. ఒంట్లో వచ్చే ఈడు మార్పులను కొంతకాలం నిలిపి ఉంచుతుందని, వీడు ఇంకా పెద్దవాడై తన సంగతి తనే తేల్చుకోవడానికి వ్యవధి ఇస్తుందని, దాని ఇబ్బందులు ఇవీ అని దాచకుండా చెప్పింది. తండ్రిగా నేను సంతకం చేశాను. సూది వేసే గదిలోకి మాత్రం వాడు మామను తీసుకుపోయేవాడు. నేను బయట బెంచీ మీద సంచులు కాస్తూ కూర్చునేవాణ్ని. లోపల నుంచి నవ్వులు వినపడేవి.

నెలసరి ఆగింది. వాడు మళ్లీ బడికి పోయాడు, కబడ్డీ ఆడాడు. అప్పుడే మా అన్న హైకోర్టుకు పోయాడు. మైనరు బిడ్డకు ఇట్లాంటి మందు ఇవ్వకూడదని, తండ్రి నోరు లేనివాడని, మేనమామ ఆడించినట్లు ఆడుతున్నాడని కేసు వేశాడు. విచారణ తేలేదాకా ఇంజెక్షన్లు ఆపమని కోర్టు చెప్పింది. అన్నను చెడ్డవాడని రాయలేను. హనుమంతునిపాడు దగ్గర మా ఊళ్లో పొలం చూసుకుంటూ నన్ను పెంచినవాడు. బిడ్డ ఒళ్లు పాడవుతుందని నిజంగానే భయం. కోర్టు బయట నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే, "తండ్రివి నువ్వా, నీ బామ్మర్దా?" అన్నాడు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

మందు ఆగిన నెలలు మా ఇంట్లో ఎట్లా గడిచాయో ఎక్కువ రాయను. నెలసరి తిరిగి వచ్చింది. వాడు ఎండాకాలంలో చొక్కా మీద చొక్కా వేసుకున్నాడు. బడి మానేశాడు. అద్దం మీద తువ్వాలు కప్పాడు. వాయిదాలు పడుతుంటే వాడి ఒళ్లు మాత్రం వాయిదా వేసుకోలేదు.

వాయిదాకు రైల్లో గుంటూరు దాకా, అక్కడి నుంచి బస్సులో పోయేవాళ్లం. బామ్మర్ది సెలవు పెట్టుకుని వచ్చేవాడు. తీరా విచారణ గది దగ్గర మా వకీలు ఆయన్ను ఆపేశాడు. ఇందులో మేనమామకు చోటు లేదు, తండ్రి ఒక్కడు వస్తే చాలన్నాడు. కొన్ని వేల మందికి దారి ఇచ్చిన మనిషి గోడకు ఒదిగి నాకు దారి ఇచ్చాడు. అప్పుడన్నాడు, మెల్లగా:

"నీకేం బావా. కాయితం మీద పేరు నీది. నేను వాడికి ఎంత చేసినా ఈడ నిలబడాల్సిందే. నిన్ను చూస్తే కుళ్లుగా ఉంది నాకు."

నవ్వుతూనే అన్నాడు. కళ్లు నవ్వలేదు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఎంత చిన్నబుద్ధితో కూడిందో నాకు తెలుసు. అయినా అది సంతోషమే. ఇప్పటికీ తలచుకుంటాను.

రైల్లో ఆయన నాకు పెద్ద ఉపన్యాసం నేర్పించాడు. జడ్జిగారు బిడ్డతో విడిగా మాట్లాడి, తర్వాత నన్ను పిలిచి మీరేమంటారని అడిగేసరికి, అందులో ఒక్క ముక్క గుర్తు లేదు. నాకు వచ్చింది చెప్పాను.

"మందు ఆపితే ఏమీ జరగకుండా ఉండదు సార్. ఆపినా బిడ్డ ఒంటికి ఏదో ఒకటి జరుగుతానే ఉంది. అది వాడికి ఇష్టం లేనిది."

అంతే చెప్పాను. బయటికి వచ్చాక బామ్మర్ది నన్ను గట్టిగా పట్టుకున్నాడు. మర్నాటి నుంచి ఆ రెండు మూడు మాటలు బస్సెక్కాయి. గిద్దలూరులో బయలుదేరినప్పుడు నేను చెప్పినంతే ఉండేవట, కంభం దాటేసరికి నేను బల్ల గుద్దేవాణ్నట, మార్కాపురం వచ్చేసరికి జడ్జిగారు కళ్లు తుడుచుకునేవాడట. దుకాణానికి వచ్చినవాళ్లు నన్ను కొత్తగా చూడటం మొదలుపెట్టారు. నా మాట కూడా ఆయన నోట్లోనే బాగుందని నాకు మళ్లీ కుళ్లు.

కోర్టు డాక్టర్ల బృందాన్ని వేసింది. వాళ్లు బిడ్డను పరీక్షించి, మాట్లాడి, మందు ఇవ్వడమే మేలని రాశారు. ఆపమన్న ఉత్తర్వు తీసేశారు. అన్న పైకోర్టుకు పోతానన్నాడు, పోవచ్చు. డాక్టరమ్మ ఇంజెక్షనుకు తేదీ ఇచ్చింది. ఆ తేదీ తెలిసిన కొన్నాళ్లకే బామ్మర్ది గడప మీద ఒరిగిపోయాడు.

కంభంలో దహనానికి మా అన్న కూడా వచ్చాడు. పాడె లేచేటప్పుడు ఒక పక్క భుజం పట్టాడు. మా అబ్బాయి రెండో పక్క పట్టాడు. వాడు అంతగా ఏడవడం చూసి, నాకోసం ఇట్లా ఏడుస్తాడా అనుకున్నాను. నిలబడి అదే అనుకున్నాను.

పెద్దదినం, ఇంజెక్షను ఒకే రోజు పడ్డాయి. వాడు, మామ దినం కాకుండా ఎక్కడికీ రానన్నాడు. డాక్టరమ్మను వేరే తేదీ అడుగుదామన్నాడు. మా ఆవిడ కూడా తలూపింది. నేను పోవాల్సిందే అన్నాను. గట్టిగా అన్నాను. వాడి ఒంటికి ఇంకో వారం పోతుందనే భయంతో అన్నానా, లేక చచ్చిపోయి కూడా ఆయనే గెలుస్తున్నాడని అన్నానా, నిజంగా నాకు తెలియదు. రెండూ ఉన్నాయేమో. ఇద్దరం ఎదురెదురుగా నిలబడిపోయాం. గోడకు ఆనుకుని కూర్చున్న బామ్మర్ది భార్య తల ఎత్తింది.

"తీసుకపో అన్నా," అంది నాతో. తర్వాత వాడి వైపు తిరిగింది. "మీ మామ ఉంటే నిన్ను ఈడ కూర్చోనిచ్చేటోడా? ఆ సూది కోసం ఆ మనిషి ఎన్నిసార్లు సెలవు పెట్టినాడో. పో నాయనా. పిండం పెట్టేదానికి మావాళ్లు ఉన్నారు."

పోయాం. గుంటూరులో పేరు పిలిచినప్పుడు అలవాటు కొద్దీ నేను బెంచీ మీద కూర్చోబోయాను. వాడు తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. రమ్మని తల ఊపాడు. ఆ గది నేను మొదటిసారి చూశాను. చిన్నది. కిటికీ కూడా లేదు. ఇంత చిన్న గదిలోనా ఇన్నాళ్లూ నవ్వులు వినపడింది అనిపించింది.

నర్సమ్మ మందు సిద్ధం చేస్తోంది. ఏదో ఒకటి మాట్లాడాలి గదా అని, మీ మామ ఇక్కడ ఏం చెప్పేవాడని అడిగాను.

"బస్సులో కోడిపుంజుకు టికెట్టు కొట్టిన కత," అన్నాడు. "ప్రతిసారీ అదే. నవ్వేలోపల అయిపోయేది, నొప్పి తెలిసేది కాదు."

నాకు ఆ కథ రాదు. ఏ కథా రాదు. గొంతు సవరించుకున్నాను.

"వద్దులే నాయనా," అన్నాడు. "ఊరికే ఉండు. ఇన్నాళ్లు ఆపినారు గదా. ఈసారి నాకు తెలియాల."

ఊరికే ఉన్నాను. నాకు వచ్చిన పని అదొక్కటే. సూది దిగుతుంటే వాడు కళ్లు మూసుకోలేదు, పెదవి కొరుక్కుని చూస్తూనే ఉన్నాడు. నేనూ చూశాను. ఈ ఒక్క నిమిషాన్ని మా బామ్మర్ది చూసి ఉంటే తప్పకుండా కుళ్లుకునేవాడు. నాలుగు రోజులు బస్సులో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆయన పోయాక, చూపించి కుళ్లుకునేట్లు చేయడానికి నాకింక ఎవరూ లేరు.

ఆగస్టు ఇరవై రెండు, శుక్రవారం. గుంటూరులో ఎండ, మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగేసరికి సన్నగా జల్లు. ఇంజెక్షను అయింది. ప్లాట్‌ఫారం మీద వాడు కాలు కొంచెం ఈడుస్తూ ముందు నడిచాడు. నేను సంచి పట్టుకుని వెనక. దాటి పోవచ్చు, దాటలేదు. జల్లుకు వాడి చొక్కా వీపు మీద చుక్కలు చుక్కలుగా తడిసింది. గొడుగు ఉందిరా అన్నాను. వద్దన్నాడు. ఇంటికి వచ్చేసరికి వీధి కుళాయి వదిలారు. బిందెలు తీసుకుని రమ్మని వాడు వీధిలో నుంచి పిలుస్తున్నాడు. ఇక్కడికి ఆపుతాను.