అవిస కొమ్మల మామ్మ

మేం ధవళేశ్వరంలో ఉన్నప్పుడు పక్కింటి మామ్మ మేకలకు అవిస కొమ్మలను నేలమీద వేసేది కాదు. తొక్కిన ఆకును మేక ముట్టదని, మంచు ఆరాక వాటి మూతికి కాస్త పైన చూరుకు వేలాడగట్టేది. కట్టి, అటు వీపు పెట్టి కూర్చునేది.

ఏడాది దాటిన మా బాబు అన్నం తినక చిక్కిపోతున్న రోజులవి. పిల్లల పెంపకం పుస్తకంలో రాసిన వేళకల్లా గిన్నె పట్టుకుని వాడి వెంటపడేదాన్ని. ఒకరోజు చూసి మామ్మ నవ్వింది.

"ఏంటమ్మాయిగారూ, అలా మీద పడితే మేకైనా తింటాదేంటండి? గిన్నె అక్కడెట్టి ఇటు తిరగండి."

తిరిగాను. వెనక చప్పుడు లేదు. భయమేసి మెడ తిప్పబోతే, పసరు వాసన వేసే చేత్తో నా గడ్డం పట్టుకుని ఆపింది. కాసేపటికి వాడు పెదాలు చప్పరించడం వినిపించింది. నాకు ఏడుపొచ్చింది.

"ఉండండి, ఇంకా తిరక్కండి," అంది మామ్మ, నా కళ్లు తుడుస్తూ.