ఇద్దరి మధ్యకు వచ్చిన బంతి

ఇవాళ పొద్దున మా ఇంటి వెనక మైదానంలో గడ్డి కోశారు. రాత్రి వాన పడింది. తడిగడ్డి కోసినప్పుడు వచ్చే వాసన పొడిగడ్డిది కాదు; ఇంకా పచ్చిగా, కాస్త చేదుగా ఉంటుంది. వంటింటి కిటికీ మూయబోయి ఆగిపోయాను. మలేషియాలోని మా ఊరు సుంగై పెటానిలో ఈ వాసన వచ్చినప్పుడల్లా నాకు పైడమ్మప్ప కనిపిస్తుంది. మైదానం చివర, ఎవరికీ అక్కర్లేనంత దూరంలో, మోకాళ్ల మీద చేతులు ఆనించి, బంతి ఎప్పుడు తన వైపు వస్తుందా అని ఎదురుచూస్తూ ఉంటుంది.

మా ఇళ్లలో అక్కను అప్ప అంటాం. ఆమె నాకు సొంత అక్క కాదు. మా తాతలూ వాళ్ల తాతలూ విశాఖపట్నం వైపు నుంచి ఒకే రబ్బరు తోటకు వచ్చారు, అంతే చుట్టరికం. తోట పోయి ఫ్యాక్టరీలు వచ్చాక ఇద్దరం ఒకే చోట రేడియో భాగాలు బిగించే పనిలో చేరాం. ఆమె నాకన్నా పదకొండేళ్లు పెద్ద. పదేళ్లని ఇప్పటికీ కొందరంటారు, పదకొండే. ఆమె మా ఫ్యాక్టరీ సాఫ్ట్‌బాల్ జట్టులో ఆడేది. అది బేస్‌బాల్ లాంటి ఆటే, కాకపోతే బంతి కాస్త పెద్దది, చేతిని కిందినుంచి ఊపి విసురుతారు. జట్టులో చేరిన ప్రతి పిల్లా బంతి విసిరే పని కోరుకునేది. పైడమ్మప్ప మాత్రం అవుట్‌ఫీల్డ్ కోరుకుంది, అంటే మైదానం చివరి పచ్చిక. బ్యాటుకు బంతి తగిలిన చప్పుడు వినగానే వెనక్కి తిరిగి పరిగెత్తేది. బంతి వంక చూసేది కాదు. అది దిగే చోటికి చేరాకే తల ఎత్తేది. రాష్ట్ర జట్టుకూ ఆడింది.

నన్ను ఆటలోకి లాగింది ఆమే. ఒకరోజు క్యాంటీన్‌లో నా పక్కన కూర్చుంది.

"ఏటే గుంటా, బల్ల మీంచి జారిన మరలు కింద పడకముందే పట్టేస్తన్నావు. రేపు పడాంగ్‌కి రా." మైదానాన్ని మేమందరం మలయ్ మాటతో పడాంగ్ అనేవాళ్లం.

"మా తోట బడిలో ఈ ఆట నేదప్పా. నాకు రాదు."

"పరిగెట్టడం రాదేటి? రోజూ బస్సు ఎనకాల పరిగెడతన్నావు గదా లా!" మాట చివర లా తగిలించడం ఇక్కడ అందరికీ అలవాటే.

అలా నేను ఆమెకు ఒక పక్కన, మా తోట ఇళ్ల వరసలోనే పెరిగిన రవణమ్మ ఇంకో పక్కన, మధ్యలో ఆమె. ముగ్గురం తెలుగువాళ్లమే కావడం వల్ల ఒక చిక్కు వచ్చింది. అది ఆటలో చిక్కని మాకు చాలాకాలం తెలియలేదు. పెద్దవాళ్లను దాటి ముందుకు పోకూడదని మమ్మల్ని పెంచారు. గుళ్లో హారతి కళ్లకద్దుకునేటప్పుడైనా, పెళ్లిలో పంక్తిలో కూర్చునేటప్పుడైనా పెద్దవాళ్లదే మొదటి చెయ్యి. బంతి ఆమెకూ నాకూ మధ్యకు వస్తే నా కాళ్లు వాటంతట అవే నెమ్మదించేవి. అటుపక్క రవణమ్మవీ అంతే. పైడమ్మప్ప మెరుపులా వచ్చి పట్టేసేది కాబట్టి మా తప్పు ఎవరికీ కనిపించలేదు.

తరువాత ఆమెకు మోకాలి నొప్పి పట్టుకుంది. ఒక మ్యాచ్ చివర్లో బంతి మా ఇద్దరి మధ్యకు లేచింది. అది ఆదివారం అని రవణమ్మ అంటుంది. శనివారం, ఫ్యాక్టరీకి ఒంటిపూట. నేను నాలుగు అడుగులు వేసి, ఆగి, ఆమె వైపు చూశాను. ఆమె పరిగెత్తుకొచ్చింది. బంతి ఆమె చేతికి రెండడుగుల ముందు గడ్డిలో పడింది. మేం ఓడిపోయాం.

బంతి విసిరే ఫరీదా నడుము మీద చెయ్యి పెట్టుకొని మలయ్‌లో అరిచింది: "అక్కడ మీరేం చేస్తున్నారు? పెళ్లి భోజనమా? మీరు ముందు, కాదు మీరు ముందు అనుకోవడానికి!"

అందరూ నవ్వారు. పైడమ్మప్ప నవ్వలేదు. బూట్ల తాళ్లు విప్పుకుంటూ నన్ను పిలిచింది.

"నా కోసమే ఆగినావు గదే?"

"నువ్వు పెద్దదానివి గదప్పా."

విప్పిన బూట్లు జత చేసి పక్కన పెట్టింది. ఆ తరువాత, "నానక్కడ ఉన్నన్నాళ్లూ మీరు ఆగుతారే," అంది. కోపంగా అనలేదు.

ఆ వారమే ఫ్యాక్టరీ ఆఫీసుకు వెళ్లి తనను జట్టుకు మేనేజర్‌ను చెయ్యమని అడిగింది. ఆ మోకాలితో కూడా ఇంకో రెండేళ్లు ఆడగలిగేది. ఇది అభిమానంతో అంటున్న మాట కాదు. ఆమె తరువాత ఆ చోట నిలబడిన వాళ్లందరినీ చూశాకే అంటున్నాను.

మేనేజర్‌గా ఆమె మాకు మొదట నేర్పింది అరవడం. ఇద్దరి మధ్యకు కావాలని బంతి కొట్టేది. దగ్గరున్నవాళ్లు "నాది!" అని అరవాలి, రెండోవాళ్లు తప్పుకోవాలి. అరవనివాళ్లు మైదానం చుట్టూ పరిగెత్తాలి.

"అరవండే! మొగుడి మీద అరిసినట్టు అరవండి!"

"మాకింకా పెళ్లి అవనేదప్పా," అంది రవణమ్మ.

"అయితే ఇప్పుడే నేర్సుకోండి లా!"

మేం నేర్చుకున్నాం. గెలవడం మొదలుపెట్టాం. కానీ మ్యాచ్ జరిగినంతసేపూ ఆమె బెంచీ మీద చేతికి గ్లవ్ తొడుక్కునే కూర్చునేది. బంతి అవుట్‌ఫీల్డ్ వైపు లేస్తే బెంచీ కింద ఆమె కాళ్లు కదిలేవి. ఒకసారి అడిగాను, ఆడాలని ఉందా అని.

"ఉండదేటి? వండి వడ్డించినోలికి ఆకలెయ్యదా?" అంది. మళ్లీ, "ఒక్కటి సాలు. అక్కడ నిలబడి ఇంకొక్క బంతి పడితే సాలు," అని గ్లవ్ లోపలి తోలును బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయింది.

ఆ ఒక్కటీ చాలా ఏళ్ల తరువాత గానీ దగ్గరికి రాలేదు. పాత ఆటగాళ్లందరం సరదాగా ఒక మ్యాచ్ పెట్టుకున్నాం. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. రవణమ్మ నడుం పట్టేసి రాలేదు. ఒక మనిషి తక్కువ.

"కాక్, మీరే దిగండి," అంది ఫరీదా. మలయ్‌లో కాక్ అన్నా అక్కే.

పైడమ్మప్ప వద్దనలేదు. ఎవరూ చెప్పకుండానే తన పాత చోటికి, మధ్యకు నడిచి వెళ్లింది. నేను నా చోట నిలబడ్డాను. ఆట చివరిదాకా మా వైపు ఒక్క బంతీ రాలేదు. ఆమె మోకాళ్ల మీద చేతులు ఆనించి అలాగే ఎదురుచూసింది. ఆఖరికి ఒకటి లేచింది, ఎత్తుగా, మెల్లగా, మా ఇద్దరి మధ్యకు.

అది నాకు దగ్గర. ఆమెకు అది ఎంత కావాలో తెలుసు. పక్కనుంచి ఆమె వస్తున్న చప్పుడు విన్నాను. ఆమె నేర్పిన కాళ్లు ఆగలేదు. ఆమె నేర్పిన గొంతు అరిచింది: "నాది!"

ఆమె ఆగిపోయింది. బంతి నా గ్లవ్‌లో పడింది. తిరిగి చూస్తే ఆమె గ్లవ్ ఉన్న చెయ్యి ఇంకా పైకే ఉంది. మెల్లగా దించింది.

"అదీ, అలాగ అరవాల," అని నవ్వింది. "ఓలమ్మో, బస్టాండు దాకా ఇనిపించుంటాది!"

తరువాత చెయ్యి చాపి, "ఓపాలి ఇలాగియ్యి," అంది. బంతిని తీసుకొని, కుట్ల మీద వేలు తిప్పి చూసి, ఫరీదాకు విసిరింది. తిన్నగా వెళ్లింది. ఆమె మళ్లీ మైదానంలోకి దిగలేదు. కొన్నేళ్లకు దేశానికి దక్షిణపు కొసనున్న జొహోర్‌లో కూతురి దగ్గరకు వెళ్లింది, అక్కడే పోయింది.

క్లినిక్‌లో నా వంతు వచ్చినా, గుడి సంఘంలో ఏదైనా పని ఎవరిదని ప్రశ్న వచ్చినా నేను పక్కవాళ్ల ముఖాలు చూడను. నాదైతే నాదని చెబుతాను. ఈ వయసులో ఇంత గొంతేమిటని మా కోడలు నవ్వుతుంది. ఆ బంతి లెక్క కూడా నేను చాలాసార్లు వేసుకున్నాను. నాకే దగ్గర. వదిలి ఉంటే ఆమెకు అందేది కాదు, మళ్లీ గడ్డిలో పడేది, అది చూసి ఆమె ఇంకా బాధపడేది. లెక్కలో తేడా లేదు. అయినా ఆ బంతి ఇంకాస్త సేపు పైనే ఉండిపోతే బాగుండేదని కోరుకుంటాను. అది పైన ఉన్నంతసేపూ నేనింకా నోరు తెరవలేదు. నా ఎడమ పక్కన ఆమె పరిగెత్తుకొస్తూనే ఉంది, మోకాలు నొప్పి లేనట్టు, అది తనదే అన్నట్టు.