శ్రీవాణి పేరున్న నంబర్ ప్లేటు

బాలమణి సిస్టరుకు కోపం రాదని రుద్రంగి చుట్టుపక్కల ఊళ్లలో పేరుంది. ముప్పై ఏళ్లు మోపెడ్ మీద తిరిగి కాన్పులు చేసిన మనిషి. కంచం ముందు నుంచి లేపినా విసుక్కున్నది లేదు. అలాంటి మనిషి మొన్న, ఇప్పుడు తానుంటున్న జగిత్యాలలో కొత్త నంబర్ ప్లేటు బిగించే అతని మీద అరిచిన అరుపుకు, పక్క హోటల్లో చాయ్ తాగేవాళ్లు గ్లాసులతో సహా బయటికొచ్చారు.

అరవక ఏం చేస్తుంది? పాత బండ్లకు కూడా కొత్త రకం ప్లేటు పెట్టుకోవాలంటే సరేనని వచ్చింది. పాతది పైలంగా ఊడదీసి ఇవ్వమని ఒకటికి రెండుసార్లు చెప్పింది. బోల్టు తుప్పుపట్టి రాకపోయేసరికి అతను ఇనుప రాడ్డు దూర్చి బలమంతా పెట్టి పెకలించాడు. ప్లేటు ఊడింది గానీ నడిమికి మడతపడింది.

"పాత ఇనుప సామానుకు ఏసేదే గదమ్మా! గింత లొల్లి ఏంది?" అన్నాడు.

"నీకు ఇనుప సామానే. నాకు గాదు," అని, సీటు కింద నుంచి పాత నూలు చీర తీసి, ప్లేటును పసిగుడ్డును చుట్టినట్టు చుట్టుకుంది.

అది నల్లరేకు మీద తెల్ల అంకెల కాలం నాటి ప్లేటు. ఇరవై ఏడేళ్ల కిందట సిరిసిల్ల పెయింటర్ దేవదాస్ రాసింది. అప్పట్లో సిరిసిల్లలో మరమగ్గాల సాంచెల షెడ్డు బోర్డయినా, కిరాణం కొట్టు బోర్డయినా దేవదాస్ కుంచె తగలాల్సిందే. నంబరు రాయించుకున్న ప్రతివాడూ కింద పిల్లల పేర్లు కూడా రాయించుకునేవాడు. దేవదాస్ అలవాటు కొద్దీ అడిగాడు.

"పిల్లల పేర్లు చెప్పుండ్రి సిస్టర్."

"నాకు పిల్లలు లేరు దేవదాస్. కింద ఏం రాయకు."

సాయంత్రం వెళ్లి చూస్తే అంకెల కింద చిన్న పసుపు అక్షరాల్లో 'శ్రీవాణి' అని ఉంది. శ్రీవాణి దేవదాస్ కూతురే, అప్పటికి ఎనిమిది నెలలది. దేవదాస్ భార్య కాన్పుకు తల్లిగారిల్లు రుద్రంగికి వస్తే, ఎదురుకాళ్లతో వచ్చిన ఆ బిడ్డను బయటికి తీసి, ఇద్దరినీ బతికించింది బాలమణే.

"తుడిపెయ్యమంటే తుడిపేస్త," అన్నాడు దేవదాస్ తల వంచుకుని.

తుడిపేయమనలేదు. ఇంటికెళ్లి తనివితీరా ఏడ్చింది. పిల్లలు లేని మనిషి మీద జాలిపడి రాశాడనుకుంది. ఆ జాలి గుచ్చుకుంది కూడా. కానీ పేరుకు అలవాటు పడింది. ఎవరైనా "శ్రీవాణి మీ బిడ్డనా?" అని అడిగితే మొదట్లో కాదనేది, తర్వాత నవ్వి ఊరుకునేది. పదేళ్లు గడిచేసరికి "ఆఁ, నా బిడ్డనే," అనడానికి సిగ్గుపడలేదు. ఇందులో ఎవరి సొమ్మేం పోయింది!

పోయిన ఎండాకాలం దేవదాస్ చనిపోయాడు. పలకరించడానికి వెళ్తే శ్రీవాణి ఆమె ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. ఆ పిల్ల ఇప్పుడు ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపులో పని చేస్తోంది.

"నాయిన రాసిన అక్షరం ఒక్కటి గూడ మిగల్లేదమ్మా. బోర్డులన్ని పీకేసి ఫ్లెక్సీలు కట్టిండ్రు. అండ్ల సగం నేనే చేసిన."

"నా బండి మీద ఉన్నది బిడ్డా. తెచ్చిస్త," అని మాటిచ్చింది బాలమణి. ఆ బండిని ఎన్నడూ చూడని పిల్లకు కింద ఎవరి పేరుందో మాత్రం చెప్పలేదు. కళ్లారా చూసి మురిసిపోతుందని దాచుకుంది. ఇప్పుడు చూస్తే ఆ మడత సరిగ్గా 'వా' మీదుగా పోయింది.

మర్నాడు కోరుట్ల బస్సెక్కింది. అక్కడ గులాం నబీ అని డెంటింగ్ మేస్త్రీ ఉన్నాడు. సొట్టపడ్డ మడ్‌గార్డులను ఆమె అతని దగ్గరికే తెచ్చేది. నబీ చీర విప్పి, ప్లేటును వెలుగులో అటూ ఇటూ తిప్పాడు.

"రేకు పని సులువే సిస్టరమ్మా. రంగుతోనే పరేషాన్. ముసలిదయింది. చల్లగున్నప్పుడు ముట్టుకుంటే పెచ్చులు పెచ్చులు లేస్తది."

"ఒక్క అక్షరం పోవద్దు నబీ భాయ్."

ఆ రోజు అతను సుత్తి ముట్టనే లేదు. సబ్బునీళ్లతో మెల్లగా తుడిచి, పగుళ్ల మీద సన్నటి కుంచెతో వార్నిష్ పూసి ఆరబెట్టాడు. ఆమె జగిత్యాలకు పోయి పొద్దున్నే మళ్లీ వచ్చింది. మధ్యాహ్నం దాకా ప్లేటును ఎండలో ఉంచాడు. రంగు మెత్తబడ్డాక ఆమె చీరనే ఎనిమిది మడతలు వేసి చెక్క మీద పరిచి, అక్షరాలు కిందికి వచ్చేలా బోర్లించాడు. మడత జోలికి పోకుండా అంచుల నుంచి మొదలుపెట్టి, అరచేత్తో కొంచెం కొంచెంగా నొక్కుతూ నడిమికి వచ్చాడు. చేతికి లొంగని చోట గుడ్డ కప్పి చెక్క సుత్తితో తట్టాడు. నాలుగు దెబ్బలకోసారి తిప్పి చూసుకున్నాడు.

గంట గడిచేసరికి ప్లేటు ప్లేటులా కనిపించింది. మడత ఉన్నచోట మాత్రం వేలికి తెలిసేంత ఎత్తు మిగిలింది. 'వా' అంచున వెంట్రుకంత పగులు తేలింది.

"ఇంకొక్క దెబ్బ," అన్నాడు నబీ సుత్తి ఎత్తి.

"ఆగు."

"నలభై ఏండ్ల సంది చేస్తున్న సిస్టరమ్మా. నా చేతుల పడ్డ రేకు అద్దం లెక్క పోవాలె. గిట్ల వంకర ఇస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నేను ముప్పయ్యేండ్లు కాన్పులు చేసిన. ఎప్పుడు పట్టాల్నో ఎంత తెలిసి ఉండాలెనో, ఎప్పుడు చెయ్యి తియ్యాల్నో గంతే తెలిసి ఉండాలె. గా ఒక్క దెబ్బనే వద్దంటున్న."

నబీ మూతి ముడుచుకున్నాడు. సుత్తి మాత్రం పక్కన పెట్టాడు. పగులు మీద ఇంకో చుక్క వార్నిష్ వేసి, ఆరాక తనే చీరలో చుట్టి ఇచ్చాడు. బస్సులో కూర్చున్నాక బాలమణి మనసులో అతనికి వంద దండాలు పెట్టుకుంది. పంతమున్న పనివాడు ఇంకొకరి మాట వినడం చిన్న సంగతి కాదు.

సిరిసిల్లలో శ్రీవాణి ఇంటి అరుగు మీదనే బాలమణి ప్లేటుకు చుట్టిన చీర విప్పింది. అంకెలు చూడగానే శ్రీవాణి నవ్వింది.

"గీ ఐదు నాయినదే! తోక చూడుండ్రి, ఎట్ల తిప్పిండో!"

తర్వాత చూపు కిందికి పోయింది. నవ్వు ఆగిపోయింది.

"గిది ఎవరు రాసిండ్రమ్మా?"

"మీ నాయిననే. నువ్వు ఎనిమిది నెలల పిల్లవు అప్పుడు. నడుమ జర వంకర మిగిలింది గని, అక్షరం పోలే."

శ్రీవాణి పసుపు అక్షరాలను వేలితో తడిమింది.

"చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగిన్నో అమ్మా, ఏదన్న బోర్డు మూలకు నా పేరు రాయి నాయినా అని. ఏడ్సిన గూడ రాయలే. పరాయోళ్ల సొమ్ము మీద మన పేరు రాయొద్దు బిడ్డా అనేటోడు. పానం పోయేదాక గదే మాట."

బాలమణి అరుగు మీద కూర్చుంది. జాలి అనుకుంది ఇన్నేళ్లూ. ఊళ్లో ఏ బోర్డు మీదా రాయని పేరును దేవదాస్ ఆమె బండి మీద రాశాడు. ఆమెను పరాయిది అనుకోలేదు. ఆ మనిషికి బతికుండగా ఒక్కసారైనా మంచి మాట చెప్పలేదే అని కళ్లలో నీళ్లు తిరిగాయి.

బాలమణి శ్రీవాణి రెండు చేతులూ పట్టుకుని, "మీ నాయినకు చెప్పక పోతిని. నీకన్న దండం పెట్టనీ బిడ్డా," అంది.