ఎస్తేరు గీసిన పాలవెల్లి

వెలగపండు వాసన తగిలితే ఇప్పటికీ నాకు ముందు దేవుడు గుర్తుకు రాడు, ఎస్తేరు గుర్తుకొస్తుంది. ఆ వెనకే కడుపులో మంట. మొన్న చవితి ముందురోజు శ్రీకాకుళం బజారులో, ఆటోల పొగా, మారేడాకుల పచ్చివాసనా, పత్రి కట్టల మీద చల్లిన నీళ్ళ తేమా కలిసిపోయిన రద్దీలో, ఒక ముసలమ్మ గోనెపట్టా మీద కుప్ప పోసిన వెలగపళ్ళలో ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అంతే, జుట్టు నెరిసినదాన్ని కాస్తా ఏడో తరగతి పిల్లనైపోయాను.

మా ఊరు భోగాపురానికి ఆవల, సముద్రపు హోరు వినబడే దూరంలో ఉండేది. నాన్న మా బడిలోనే తెలుగు మాస్టారు. మనిషి మంచివాడే గానీ మెచ్చుకోలు విషయంలో అంత పిసినారిని నేను మళ్ళీ చూడలేదు. కూరలో ఉప్పెక్కువైతే చెప్పేవాడు, సరిపోతే మాట్లాడకుండా తిని లేచేవాడు, నా మార్కులకీ అదే వరస. ఆయన నోటివెంట ‘బాగుంది’ అన్న ఒక్క మాట రాలుతుందేమోనని ఏడాది పొడుగునా కాచుకుని ఉండేదాన్ని, చవితికి మరీను.

ఎందుకంటే మా ఇంట్లో పాలవెల్లి నాది. వినాయకుడి నెత్తి మీద తాళ్ళతో వేలాడదీసే ఆ చెక్కల చట్రాన్ని నాన్న అటక మీంచి దించి ఇస్తే, దుమ్ము దులిపి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పీచు ఊడని మొక్కజొన్న పొత్తులూ, దోరజామకాయలూ, బత్తాయిలూ, గుండ్రాయిలాంటి వెలగకాయలూ పురికొసలతో కట్టడమంతా నా చేతిమీదే జరగాలి. వంటింట్లోంచి పాలతాలికల బెల్లం వాసనా, ఉండ్రాళ్ళ ఆవిరీ వస్తూంటే మా మామ్మ, నాన్నకి తల్లి, గడప మీద కూర్చుని ఏ కాయ ఎటు ఒరిగిందో చెబుతూ ఉండేది. అంతా అయ్యాక నాన్న వచ్చి తలెత్తి చూసి, ఏదో ఒక ముడి బిగించి వెళ్ళిపోయేవాడు. ఆ సాయంత్రం చవితి చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలొస్తాయని మామ్మ మమ్మల్ని గుమ్మం దాటనిచ్చేది కాదు. మిగతా రోజుల్లో ఆరుబయట మంచాల మీద పడుకున్నప్పుడు ఆకాశంలో పొడుగ్గా కనబడే తెల్లటి చారని ఆవిడ ఆకాశగంగ అనేది. నాకు పాలవెల్లి అంటే మా చట్రమే.

ఎస్తేరు నా తరగతే. బాప్టిస్టు చర్చి పక్క వీధిలో ఇల్లు, వాళ్ళ నాన్న వరీ, గోగూ వేసేవాడు. వాళ్ళకి చవితి లేదు, చందమామని చూడొద్దనేవాళ్ళూ లేరు. పండగపూట మా వీధి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి, నేను కట్టిన పాలవెల్లికేసి కళ్ళార్పకుండా చూసేది. నేను కావాలనే నెమ్మదిగా కట్టేదాన్ని, ఇంకాసేపు చూస్తుందని.

ఆ ఏడు పండగ వెళ్ళాక నాన్న మా తరగతికి బొమ్మల పోటీ పెట్టాడు. నల్లబల్ల మీద ఒకే మాట రాశాడు, పాలవెల్లి అని. ఇంకేం, నాకు ఎగిరి గంతేసినంత పనైంది. చట్రం గీశాను, ముడులు గీశాను, మొక్కజొన్న పీచు కూడా వదల్లేదు, ఓ మూల గడప మీద మామ్మని కూర్చోబెట్టాను. పక్కకి చూస్తే ఎస్తేరు కాగితమంతా బొగ్గుతో నల్లగా పులిమేసి, అడుగున సరుగుడు చెట్లు పెట్టి, పైన చాక్‌పీసు పొడిని వేలితో అడ్డంగా రాస్తోంది. పాపం, పండగ లేనివాళ్ళకి పాలవెల్లంటే ఏం తెలుస్తుందిలే అని జాలిపడ్డాను కూడా.

నాన్న ఆ నల్లకాగితాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు. ‘బాగుందమ్మా’ అన్నాడు. ఆకాశంలో రాత్రిపూట కనబడే తెల్లచార పేరూ పాలవెల్లేననీ, ఆ పేరే మనం చట్రానికి పెట్టుకున్నామనీ చెప్పి, రంగు పెన్సిళ్ళ పెట్టె ఎస్తేరు చేతిలో పెట్టాడు. నా బొమ్మని చూశాడు, ఏమీ అనలేదు. నేను పన్నెండేళ్ళు ఎదురుచూసిన మాట, మా ఇంటి కిటికీ బయట నిలబడే పిల్లకి దక్కింది. ఒంటికి కారం రాసుకున్నట్టు మండిపోతూ ఇంటికొచ్చి, ఆకాశగంగ అని ఎందుకు చెప్పావని మామ్మ మీద పడ్డాను.

“ఓలమ్మ, రెండూ దాని పేర్లేనే. పేరుదేటున్నాది?” అంది మామ్మ.

పేరులోనే అంతా ఉందని ఆవిడకేం తెలుసు! ఆ తర్వాత ఎస్తేరుదేదీ నాకు గిట్టలేదు. దాని జడా, దాని దస్తూరీ, చివరికి క్రిస్మస్‌కి వాళ్ళమ్మ పంపిన అరిసెలు కూడా. నూనె కారుతున్నాయని వంక పెట్టి, నాలుగు తిన్నాను.

మొన్న బజారులో ఆ వెలగపండు పట్టుకుని నిలబడితే, “ఏటే, వాసన సూసేసి ఒగ్గేస్తావా, కొంటావా?” అన్నారెవరో పక్కనుంచి. ఎస్తేరే! నరసన్నపేటలో టీచరట, పచ్చడికని వెలగపళ్ళు ఏరుతోంది. టీకొట్టు దగ్గర ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాక, టీ తాగుతూ ఆ పోటీ మాట నేనే ఎత్తాను, ప్రైజు కొట్టేశావు కదే అని. అది గ్లాసు కింద పెట్టింది.

“ప్రైజు నాదే. మరి మాస్టారు నీ బొమ్మ ఏటి సేసినారో ఎరుగుదువా? బడి వొదిలేక పుస్తకం మర్సిపోయి ఎనక్కెళ్ళినాను. ఒక్కరే కూకుని నీ బొమ్మే సూస్తన్నారు. కళ్ళనిండా నీళ్ళు. నన్ను సూసి, ‘మా గుంట మా అమ్మని కూడా ఎంత బాగా గీసిందో సూడమ్మా’ అనీసి, మడిసి జోబులో ఎట్టుకున్నారు. మా నాన్న నా బొమ్మ సూడనేనేదు. నాకు ఒళ్ళు మండి, ఆ పెన్సిళ్ళతో ఒక్క గీత గీసినాను కాదు.”

మామ్మ లేదు, నాన్నా లేడు. మా ఊరి వైపు రాత్రంతా విమానాశ్రయం దీపాల వెలుగు, ఆకాశంలో ఆ తెల్లచార ఎక్కడుండేదో చూపించడానికి కూడా లేదు. బజారులో ఇప్పుడు పాలవెల్లి ప్లాస్టిక్ కాయలతో సహా కట్టేసే దొరుకుతోంది. నేను ఉత్త చట్రమే కొని తెచ్చుకుని, ఆ సాయంత్రం మా ఫ్లాట్లో స్టూలెక్కి ఒక్కో కాయా కట్టాను. కడుతున్నంతసేపూ ఎస్తేరు మీద మంటే. నాన్న నన్ను మెచ్చుకున్న మాటని కూడా అదే వింది, ఆ తడికళ్ళని అదే చూసింది. స్టూలు దిగి, తలెత్తి చూసి, ఒక ముడి బిగించాను. తర్వాత ఫోను తీసి ఎస్తేరుకి చేశాను, నాన్న అన్న మాట ఇంకొక్కసారి చెప్పవే అని.